వాకిలి వైపు దీపం పెట్టని ఇల్లు

దగ్గరికి జరగండమ్మా. ఆ కుర్చీల్లో కాదు, ఇలా వచ్చి నా మోకాళ్ళకి ఆనుకుని కూర్చోండి. తలుపు కూడా వేసి రండి, గాలి కొడుతోంది. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

మొన్న ఆదివారం మా పక్కింటి తెలుగువాళ్ళు ఈ ఐర్లండులోనే కిల్కెన్నీ ఊరు దాటి ఎటో కారులో తిరిగి వచ్చారు. వాళ్ళ చిన్నపిల్ల ఫోను పట్టుకుని మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. దానికి మన మాట అంతా తెలుస్తుంది, జవాబు మాత్రం ఇక్కడి యాస ఇంగ్లీషులో ఇస్తుంది. "ఆంటీ, ఈజ్ దేర్ గోస్ట్స్ ఇన్ ఇట్?" అని ఫోను నా ముఖానికి ఆనించింది. బొమ్మలో మూడంతస్తుల రాతి గోడలు ఉన్నాయి. కప్పు లేదు. కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తోంది, లోపల నుంచి ఒక చెట్టు తల బయట పెట్టింది. ముందు వైపు వెడల్పాటి మెట్లు.

ఆ మెట్లు చూడగానే గుర్తుపట్టాను. ఫోను దాని చేతిలో పెట్టేసి, "దయ్యాలు లేవమ్మా, ఆ ఇంటి వంటింట్లోనే నేను పెరిగాను" అన్నాను. అది నమ్మలేదు. మీరైనా నమ్మండి.

మా నాన్న కాకినాడలో ఒక దొర దగ్గర వంటవాడు. ఆ దొర ఐర్లండు మనిషి, ఓడరేవులో ఏదో కంపెనీకి పెద్ద. కంపెనీ చేతులు మారాక ఆయన స్వదేశానికి వచ్చేస్తూ, నాన్న చేతి చారు లేనిదే బతకలేనని మమ్మల్ని ముగ్గుర్నీ ఓడెక్కించి వెంట తెచ్చుకున్నాడు. నాకప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. చదువు పెద్దగా అబ్బలేదు. ఇక్కడి ఊరి బడికి కొన్నాళ్ళు పోయి మానేశాను. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ వంటింటి బల్ల మీద పిండి చల్లి, నా వేలు పట్టుకుని దిద్దించింది. ఇవాళ నేను రాసే నాలుగు ముక్కలూ ఆ పిండిలోంచి వచ్చినవే.

గేటు దగ్గర నుంచి ఇంటి దాకా రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్ల దారి ఉండేది. ఇల్లు సగం కాలిపోయి ఉండేది. ఎడమ వైపంతా మసిబారిన గోడలు, తలుపులకి అడ్డంగా మేకులు కొట్టిన చెక్కలు. మనుషులుండేది కుడి వైపు సగంలోనే. వంటిల్లు నేల మట్టానికి దిగువన, అక్కడే మా కాపురం. పొయ్యిలోకి కట్టెలు కావు, బురద నేలల్లోంచి కోసి ఎండబెట్టిన మట్టి పెళ్ళలు. ఆ పొగ వాసన, తడి కుక్కల వాసన, ఉడికిన కాబేజీ వాసన, వాటన్నిటి మీదా మా అమ్మ ఇంగువ పోపు. వాన పడితే మాత్రం అన్నీ అణిగిపోయి, కాలిన వైపు నుంచి తడి మసి వాసన మెట్లు దిగి వచ్చేది. ఇక్కడ వాన పడని రోజేది?

ఒకసారి నేను ఆ చెక్కల సందులో చెయ్యి పెట్టి, మసి వేలికి అంటించుకుని, నుదుట చుక్క పెట్టుకుని వంటింట్లోకి వచ్చాను. అమ్మ చూసి గరిటె పారేసింది. "చచ్చిన ఇంటి మసి మొహాన పెట్టుకుంటావటే, పాపిష్టిదానా!" అని వీపు మీద రెండు వేసి, నీళ్ళ తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయి చర్మం ఊడేలా తోమింది. తర్వాత తనే ఏడ్చి, మీగడ పంచదార పెట్టింది. నిప్పు ఎలా అంటుకుందో మాకెవరికీ తెలీదు. తోట చూసే ముసలాయన్ని అడిగితే, "అగ్గి పడిందిలే పిల్లా, ఎప్పటి మాటో. ఇప్పుడంతా గ్రాండ్" అనేవాడు. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో బాగుందని. ఆయనకి అంతా గ్రాండే. కప్పు కారితే గ్రాండ్, తుంటి నొప్పి వేస్తే గ్రాండ్, కుక్క చచ్చిపోయినా గ్రాండ్.

నా భయం మసి కాదు. మేడ మీది దొరసాని.

ఆవిడ దొరకి అక్క. పెళ్ళి లేదు. అన్నలిద్దరు మొదటి పెద్ద యుద్ధంలో పోయారు, వాళ్ళ పటాలు మెట్ల గోడ మీద ఉండేవి. తమ్ముడు మన దేశంలో ఉన్నన్నాళ్ళూ ఈవిడొక్కతే ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంది. ఆవిడ గేటు దాటి బయటికి వెళ్ళగా చూసినవాళ్ళు లేరు. చర్చికి కూడా వెళ్ళదు, పాదిరీగారే వచ్చి పోయేవారు. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. చీకటి పడ్డాక ఇంటి ముందు వైపు ఏ గదిలోనూ దీపం వెలగకూడదు. పెద్ద హాల్లోనూ చీకటే. పొద్దు గుంకే వేళకి ఆవిడ తన గదిలో కిటికీ పక్కన కూర్చుని, చెట్ల దారి వైపు చూస్తూ ఉండేది. ఇంట్లో ఉండి కూడా ఒంటి మీద కోటు, కాళ్ళకి బూట్లు. పక్కనే కట్టి పెట్టిన తోలు సంచి.

ఆవిడకి సాయంత్రం టీ పట్టుకెళ్ళే పని నాది. చీకట్లో పళ్ళెం పట్టుకుని, గోడకి భుజం ఆనించుకుని మెట్లెక్కేదాన్ని. పటాల్లోని అన్నలు నా వైపే చూస్తున్నట్టుండేది. కప్పు సాసరు మీద కటకటలాడేది, దాన్ని ఆపడం నా వల్ల అయ్యేది కాదు. గదిలోకి అడుగు పెట్టగానే, తల తిప్పకుండా ఆవిడ అడిగేది:

"దారి మీద ఎవరైనా ఉన్నారా?"

"లేరమ్మగారూ."

"సరిగ్గా చూశావా?"

నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఒక్కో రోజు, చూడగా చూడగా, చెట్ల మధ్య ఎవరో కదిలినట్టే ఉండేది నాకు కూడా. కప్పు అక్కడ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా దిగి వచ్చేసేదాన్ని.

"పాపం, ఎవరో మాటిచ్చినవాడు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. వాడి కోసం ఎదురుచూపు" అనేది అమ్మ.

"మాటిచ్చినవాడూ లేదు, నీ మొహమూ లేదు. కిరసనాయిలు పొదుపు" అనేవాడు నాన్న.

దొరకి మాత్రం మా వంటిల్లంటే ప్రాణం. అక్కకి ఇంగువ వాసన గిట్టదని, ఆవిడకి తెలియకుండా కిందికి దిగి వచ్చి, మా బల్ల దగ్గరే చారన్నం కలుపుకుని తినేవాడు. తెలుగు వచ్చు ఆయనకి, రేవులో నేర్చుకున్న తెలుగు. ఒక శీతాకాలం మొదట్లో ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "వంటవాడా, ఈ ఇల్లు పెద్ద నోరు. చాలా తింటుంది" అన్నాడు.

"ఆయ్, నిజవేనండి" అన్నాడు నాన్న.

"కప్పు ఉంటే సర్కారుకి పన్ను. కప్పు పీకేస్తే పన్ను లేదు. ఊళ్ళో అందరు దొరలు పీకేస్తున్నారు. నేను కూడా పీకాలి. కానీ అక్క కదలదు. నేను చెప్తాను, ఆమె వినదు. సముద్రం దగ్గర చిన్న ఇల్లు చూశాను. రాను అంటుంది. ఆమె ఉంటే ఇల్లు ఉంటుంది, అంతే."

దొర పైకి వెళ్ళాడు. నాన్న అమ్మతో అన్నాడు. "విన్నావుగా. ఆ తల్లి గడప దిగిన రోజున మనకి పొయ్యి ఉండదు. సముద్రం పక్కన చిన్న ఇంటికి వంటవాడెందుకు? దేశం కాని దేశం."

ఆ రోజు నుంచి నా భయం రెండు ముఖాలదైంది. మేడెక్కాలంటే ఆవిడ ఉందని భయం. దిగి వస్తుంటే ఆవిడ ఎక్కడ వెళ్ళిపోతుందోనని భయం.

అలా ఉండగా దీపావళి వచ్చింది. అమావాస్య ఎప్పుడో అమ్మ చంద్రుణ్ణి చూసి పట్టుకునేది. మబ్బుల్లో చంద్రుడు కనిపిస్తేగా! "ఇవాళో రేపో" అంటూ ఏదో ఒక రోజు చేసేసేవాళ్ళం. ప్రతి ఏడూ వెనక పెరట్లో, బొగ్గుల కొట్టు దగ్గర నాలుగు దీపాలు పెట్టి ఊరుకునేవాళ్ళం. ఆ ఏడు అమ్మ పొద్దుటి నుంచీ పట్టుపట్టుకుని కూర్చుంది.

"వెనక వాకిట్లో పెట్టిన దీపం ఇంటికి ఎలా చెందుతుందండీ? ఈ ఇల్లు నిలబడాలంటే ముందు గుమ్మంలో పెట్టాలి."

"నీకు మతి పోయిందే. ముందు వైపు దీపం కూడదని ఆ తల్లి చెప్పలేదూ?"

"అది గదుల్లో దీపం సంగతి. కిరసనాయిలని మీరే అన్నారుగా! నేను వెన్న కాచి నెయ్యి పోస్తాను. గడప దీపానికి అడ్డు చెప్పే ఆడది ఏ దేశంలోనూ ఉండదు."

"దొరగారు కూడా ఊళ్ళో లేరే..."

"లేకపోతేనేం, దీపం ఉందిగా" అంది అమ్మ. ఆవిడతో మాటల్లో గెలిచినవాడు లేడు.

మీకు తెలుసో లేదో, మా వైపు దీపావళికి పిల్లల చేత దివిటీలు కొట్టిస్తారు. గోగు కాడల చివర గుడ్డ పీలికలు ముడివేసి, నూనెలో తడిపి, వెలిగించి, వాకిట్లో నేలకేసి కొట్టాలి. పోయిన పెద్దలకి దారి చూపించడమన్నమాట. తర్వాత కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళి తీపి తినాలి. ఇక్కడ గోగు కాడలెక్కడివి? నాన్న తోట గట్టు మీది సన్నటి కొమ్మలు రెండు విరిచి తెచ్చాడు. అమ్మ తన పాత చీర చింపింది. పుడ్డింగుకని తెచ్చిన రవ్వతో కేసరి కలిపింది.

ఆ నెలలో ఇక్కడ టీ వేళకే చీకటి పడిపోతుంది. అమ్మ మెట్ల మీద వరసగా దీపాలు పెట్టింది. ప్రమిదలు లేక జాము సీసాల మూతలు. గాలి లేదు, ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. అమ్మ నా రెండు చేతుల్లో రెండు దివిటీలు పెట్టి వెలిగించి, "చెట్ల దారి నుంచి నడిచి రా. పెద్దలకి దారి చూపిస్తూ ఇంటికి రా" అంది. నేను కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగాను. నెయ్యి చిటపటమంటోంది. నా చేతుల్లో మంటలు నా తల కంటే ఎత్తుకి లేచాయి. నల్లటి ఇల్లు, దాని కింద చిన్న చిన్న దీపాలు. నేను పండగ పాట పాడుకుంటూ నడిచాను. మెట్ల ముందు దివిటీలు నేలకేసి కొట్టాను, నిప్పురవ్వలు లేచాయి.

అప్పుడే ఇంట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది కేక కాదు. గొంతులోనే చచ్చిపోయిన కేక.

కాళ్ళు కడుక్కుని, తీపి చేతిలో పెట్టించుకుని, "పో, అమ్మగారికి ముందు పెట్టి రా" అని అమ్మ అంటే నేను మేడెక్కాను. ఎప్పుడూ మూసి ఉండే తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ పడిపోయి ఉంది. తోలు సంచి అక్కడే ఉంది. ఆవిడ లేదు. కిటికీలోంచి చూస్తే కింద మా దీపాలు, ఆరిపోతున్న నా దివిటీలు. ఆ కుర్చీలోంచి చూస్తే అవెలా కనిపించి ఉంటాయో అప్పుడు చూశాను. కేసరి పళ్ళెం అక్కడే పెట్టి, కిందికి పరుగెత్తి అమ్మానాన్నలకి చెప్పాను.

నాన్న లాంతరు అందుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. తోట తాత ఎదురొచ్చాడు. మెట్ల మీద దీపాలు చూసి ఆ ముసలాయన నిలువునా నీరైపోయాడు. ఆయన నోట గ్రాండ్ అన్న మాట రాలేదు.

"లాంతరు ఆర్పు! మీ చేతుల్లో వెలుగు కనిపించిందంటే ఆవిడ చెరువులోకైనా దిగిపోతుంది. అన్నీ ఆర్పండి!"

నాన్న లాంతరు ఆర్పాడు. అమ్మ మాత్రం మెట్ల మీది దీపాల దగ్గర నిలబడి, "పండగ దీపాన్ని నోటితో ఊదను. నా ప్రాణం పోయినా ఊదను" అని ఏడ్చింది. వాదించే తీరిక లేక వాటిని అలాగే వదిలేశారు.

అమావాస్య చీకట్లో, చేతిలో దీపం లేకుండా వెతకడం మీరెప్పుడైనా చేశారా? అమ్మ కొంగు నా పిడికిట్లో ఉంది. కాలి కింద ఆకులు కుళ్ళి జారుతున్నాయి. చెరువు ఎటు ఉందో తెలియదు, నీళ్ళ వాసన మాత్రం వస్తోంది. పిలవకూడదన్నాడు తాత. మగ గొంతు వింటే ఇంకా దూరం పరుగెడుతుందట. మా ఊపిరి మాకే వినిపిస్తోంది. ఆ చీకట్లోనే నాన్న గుసగుసగా అడిగాడు. "ఎవరొస్తారని ఆవిడ భయం?"

"వచ్చారు ఒకసారి" అన్నాడు తాత. "ఇంగ్లీషు రాజ్యం మీద జనం తిరగబడి, దేశమంతా దొరల ఇళ్ళు తగలబడుతున్న రోజులు. ఈ ఊరివాళ్ళే దివిటీలు పట్టుకుని ఆ దారినే వచ్చారు. సామాను బయటికి తెచ్చుకోండని కాస్త వ్యవధి ఇచ్చారు. కుర్చీలు మోయడానికి సాయం కూడా పట్టారు, నమ్ముతావా? తర్వాత అంటించారు. వాన వచ్చి సగం ఇల్లు మిగిలింది. ఆవిడ అప్పుడు ఈ పిల్లంత ఉంటుంది. పరుగెత్తుకెళ్ళి మంచు గుంటలో దాక్కుంది."

"నీకెలా తెలుసు?"

తాత అడ్డొచ్చిన కొమ్మని పక్కకి నెట్టాడు. "మా నాన్న ఆమెని అక్కడ చూశాడు. చూసి, మిగిలినవాళ్ళకి చెప్పలేదు."

"అంటే మీ నాన్న కూడా..."

"దివిటీ పట్టాడు. నేను అదే ఇంట్లో రోజాలు కత్తిరిస్తున్నాను. ఇక్కడ అంతా ఇలాగేనయ్యా. నోరు మూసుకుని నడు."

మంచు గుంట అంటే చెట్ల మధ్య గట్టు లోపలికి ఇటుకతో కట్టిన గుండ్రటి గది. ఫ్రిజ్జులు లేని కాలంలో చెరువు మీది మంచు పలకలు తెచ్చి గడ్డి కప్పి దాచేవారు. వంగితే తప్ప లోపలికి పోలేం. తాత గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల పళ్ళు తాకుతున్న చప్పుడు.

"అమ్మా, నేను తోటమాలిని."

లోపలి నుంచి చిన్నపిల్ల గొంతుతో జవాబు వచ్చింది. "ఎంతసేపు ఇచ్చారు మనకి?"

"వాళ్ళు వెళ్ళిపోయారమ్మా."

"ఇల్లు కాలిపోయిందా?"

"లేదు. నిలబడే ఉంది."

"అబద్ధం. నేను చూశాను. వస్తున్నారు, మంటలు..."

మా అమ్మకి ఇంగ్లీషు నాలుగు ముక్కల కంటే రాదు. ఆవిడ ఇక ఆగలేక నన్ను ముందుకి నెట్టి, "చెప్పవే, నువ్వేనని చెప్పు" అంది. నేను గుమ్మంలోకి వంగాను. "నేనేనమ్మగారూ" అన్నాను. "దివిటీలు నావే. ఇవాళ మా పండగ."

లోపల చప్పుడు ఆగిపోయింది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా ముఖాన్ని తడిమింది. మంచుముక్కలాంటి చెయ్యి. నుదురు, ముక్కు, రెండు జడలు, భుజం, ఒక్కొక్కటీ తడిమింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"వచ్చింది నువ్వా?" అంది ఆవిడ. "ఇంత చిన్నగా ఉన్నావే!"

నాన్న, తాత చెరో చెయ్యి పట్టుకుని ఆవిడని నడిపించారు. చెట్లు దాటగానే ఇల్లు కనిపించింది. మెట్ల మీద అమ్మ దీపాలు కొన్ని ఆరిపోయి, కొన్ని ఇంకా వెలుగుతున్నాయి. ఆవిడ ఆగి చాలాసేపు చూసింది. పారిపోతుందేమోనని నాన్న చెయ్యి బిగించాడు. ఆవిడ ముందు గుమ్మం వైపు వెళ్ళలేదు, పారిపోనూ లేదు. పెరటి మెట్లు దిగి, ఆ ఇంట్లో పుట్టాక మొదటిసారేమో, వంటింట్లోకి వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంది. బూట్లు తనే విప్పేసుకుంది. అమ్మ వేడి టీ, కేసరి ముందు పెట్టింది. ఇంగువ వాసనకి ముక్కు ఎగబీల్చింది గానీ ఏమీ అనలేదు. చివరి ముద్ద దాకా తిని, కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయింది. గురక పెట్టింది కూడా. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మర్నాడు దొర తిరిగి వచ్చేసరికి దొరసాని హాల్లో నిలబడి ఉంది. "ఆ సముద్రం దగ్గర ఇల్లు ఇంకా ఖాళీయేనా? నేను వస్తాను" అంది. దొర చేతిలో సంచి కింద పెట్టేశాడు. "ఎందుకు? ఏమైంది?" అని అడిగాడు.

"ఇన్నాళ్ళూ వాళ్ళు మళ్ళీ వస్తారని కూర్చున్నాను. వచ్చి వెళ్ళిపోయారు. ఇంక నేనిక్కడ కూర్చోవలసిన పని లేదు."

వెళ్ళేటప్పుడు ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. కారు చెట్ల దారి పట్టి పోతుంటే, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని మేం ముగ్గురం ఎదురుచూశాం. చూడలేదు.

వానలు కాస్త తగ్గాక మనుషులొచ్చి కప్పు పీకారు. పలకలు జారి పడుతుంటే ఇల్లు పళ్ళు రాల్చుకుంటున్నట్టుండేది. సీసం రేకులు చుట్టలు చుట్టి బండెక్కించారు. మేం మూటలు కట్టుకుంటుంటే దొరసాని గదిలోకి వాన నేరుగా పడడం చూశాను. "నిలబెడదామని దీపం పెట్టాను. నా చేత్తోనే సాగనంపాను" అని అమ్మ ముక్కు చీదుకుంది. "ఊరుకోవే. ఆ తల్లి నిద్రపోయింది, అది చాలదూ?" అన్నాడు నాన్న. ఆయనకి వాటర్‌ఫోర్డులో ఒక హోటలు వంటింట్లో పని దొరికింది. కష్టపడ్డాం, బతికాం.

ఇప్పుడు నేను ఆ దొరసాని అప్పటి వయసు దాటేశాను. ఆలోచిస్తే నాకొకటి అనిపిస్తుంది. ఆ ఇంటిని అన్నేళ్ళు నిలబెట్టింది రాయీ కాదు, దొరల సొమ్మూ కాదు, కిటికీ పక్కన కూర్చున్న ఒక ఆడపిల్ల భయం. ఆ భయం పోయిన చలికాలంలోనే ఇల్లు పోయింది. ఇల్లు దక్కాలని మేము కోరుకున్నామంటే, ఆవిడ భయం దక్కాలని కోరుకున్నట్టే. ఆ సంగతి ఆ వయసులో నాకెవరు చెబుతారు? ఇప్పుడు తెలిసి కూడా, ఆ బొమ్మలోని గోడలు చూస్తే భయం వేస్తూనే ఉంది. ఆ భయం ఆవిడని వదిలి ఊరికే పోలేదనుకుంటాను, నా ముఖం తడిమిన ఆ చేతిలోంచి కాస్త నా వైపుకి వచ్చింది.

సరే, చాలా పొద్దుపోయింది, లేవండి. పదికాలాలపాటు మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపలోకి వచ్చే వెలుగు ఏదైనా చుట్టాలదే కావాలి. మీ ఇంటి ఆడపిల్లలు కిటికీల్లో కాపలా కూర్చోకుండా, బూట్లు విప్పేసి హాయిగా నిద్రపోవాలి.